నివేదికలో పాసై నారుమడిలో విఫలమైన కంపోస్టు: ఒక ప్లాంటు కేస్ స్టడీ

కోస్తా ఆంధ్రలో ఒక పట్టణం శివారున ఉన్న ప్లాంటు ఇది. రోజుకు సుమారు 50 టన్నుల తడి చెత్త వస్తుంది. ఇళ్ల దగ్గర వేరు చేసి తెచ్చిన వంటింటి చెత్త, కూరగాయల మార్కెట్లో కుళ్లిన సరుకు, హోటళ్లలో మిగిలిన అన్నం, పండగ రోజుల్లో అరటి బోదెలు, పూలదండలు. వీటిని ఆరుబయట పొడవాటి వరుసలుగా పోసి, తిరగేసి, జల్లెడ పట్టి, బస్తాలకెత్తి అమ్ముతారు. ఖరీఫ్‌కు ముందు చుట్టుపక్కల మండలాల నుంచి డీలర్ల లారీలు వచ్చి బారులు తీరతాయి.

ఒక ఆగస్టులో మిర్చి నారు పోసిన రైతులు ఒకరి తర్వాత ఒకరు డీలర్ దగ్గరకు వచ్చారు. విత్తనం సరిగా మొలవలేదు. మొలిచిన నారు రెండాకుల దశలోనే పసుపు రంగుకు తిరిగి ఎదుగుదల ఆగిపోయింది. పీకి చూస్తే వేళ్ల కొనలు గోధుమ రంగులో ఉన్నాయి. మొదట కొందరు విత్తనాన్ని అనుమానించారు, కొందరు బోరు నీటిని. అయితే అదే విత్తనం, అదే నీరు వాడి పశువుల ఎరువు వేసిన పక్క మడి పచ్చగా కళకళలాడుతుంటే ఇక అనుమానానికి తావు లేకపోయింది.

కంపోస్టు ప్లాంట్లలో ప్రక్రియ ఎక్కడ గాడి తప్పిందో చూసి సరిదిద్దడం నా వృత్తి. యాజమాన్యం పిలిస్తే వెళ్లాను. ప్లాంటు పేరు, ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటి పరిస్థితి నేను వేరే చోట్ల కూడా చూశాను, ఇకపైనా చూస్తాను. పేరు కన్నా కారణం తెలియడం ముఖ్యం.

చేతిలో పెట్టిన నివేదిక

వెళ్లగానే మేనేజర్ ల్యాబ్ నివేదిక తెచ్చి చూపించారు. మన దేశంలో అమ్మే సిటీ కంపోస్టుకు 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కింద ప్రమాణాలు ఉన్నాయి. తేమ 15 నుంచి 25 శాతం మధ్య ఉండాలి. కనీసం 90 శాతం పదార్థం 4 మిల్లీమీటర్ల జల్లెడలోంచి దిగాలి. సేంద్రియ కర్బనం 12 శాతానికి తగ్గకూడదు. కార్బన్-నత్రజని నిష్పత్తి 20 లోపు, ఉదజని సూచిక (pH) 6.5 నుంచి 7.5, లవణాల సూచిక అయిన విద్యుత్ వాహకత మీటరుకు 4 డెసీసైమన్స్ లోపు ఉండాలి. కిలోకు సీసం 100 మిల్లీగ్రాములు, కాడ్మియం 5 మిల్లీగ్రాములు, పాదరసం 0.15 మిల్లీగ్రాములు దాటకూడదు.

ఈ ప్లాంటు కంపోస్టు అన్నిటిలోనూ పాసైంది. ఇంటింటా వేరు చేసిన చెత్త కావడంతో భార లోహాలు పరిమితికి చాలా దూరంలో ఉన్నాయి. కలగలిపి తెచ్చిన చెత్తలో బ్యాటరీలు, రంగు డబ్బాలు పడి కంపోస్టు పాడైన ప్లాంట్లతో పోలిస్తే ఇది ఎంతో మెరుగు. మేనేజర్ మాటల్లో బాధ, కోపం రెండూ ఉన్నాయి. అన్నీ సరిగ్గా ఉంటే నారు ఎందుకు చచ్చిందని ఆయన ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే.

ఆ జాబితాలో లేని పరీక్ష ఒకటుంది. ఈ పదార్థం కుళ్లడం పూర్తయిందా, ఇంకా కుళ్లుతూనే ఉందా అన్నది అందులో ఎక్కడా అడగరు. కార్బన్-నత్రజని నిష్పత్తి కొంత సూచన ఇస్తుంది కానీ అది చాలదు. తడి చెత్తలో మొదటి నుంచీ నత్రజని ఎక్కువ. అలాంటి చెత్తతో చేసిన కంపోస్టు సగం మాగకుండానే 20 లోపుకు వచ్చేస్తుంది. బ్రిటన్‌లో, జర్మనీలో, అమెరికాలో కంపోస్టు నాణ్యతకు ముద్ర వేసే వ్యవస్థలు ఈ స్థిరత్వాన్ని విడిగా కొలుస్తాయి. పదార్థం రోజుకు ఎంత కార్బన్ డయాక్సైడు వదులుతోందో, లేదా తనంతట తాను ఎంత వేడెక్కుతోందో చూస్తాయి.

బస్తా, ఫ్లాస్కు, పెసలు

గోడౌన్లో ఒక బస్తా విప్పించాను. చేతిలోకి తీసుకుంటే పొడిపొడిగా, నల్లగా, చల్లగా ఉంది. దుర్వాసన లేదు. చూడటానికి మంచి కంపోస్టే. రైతు కూడా ఇలాగే చూసి కొన్నాడు.

దాన్ని కొంచెం కొంచెం నీళ్లు చల్లుతూ కలిపి, గుప్పిట బిగిస్తే వేళ్ల మధ్య తడి కనిపించి బొట్టు కారని స్థితికి తెచ్చాం. లీటరున్నర పట్టే వెడల్పు మూతి ఫ్లాస్కులో వదులుగా నింపి, మధ్యలోకి దిగేలా థర్మామీటర్ గుచ్చి, ఆఫీసు గదిలో ఒక మూల పెట్టాం. జర్మనీలో దశాబ్దాలుగా వాడుతున్న స్వయం తాపన పరీక్ష ఇదే, ఖర్చు ఒక ఫ్లాస్కు, ఒక థర్మామీటర్. గది వేడి కన్నా 10 డిగ్రీల లోపు పెరిగితే పూర్తిగా మాగినట్టు, అది ఐదో తరగతి. పెరుగుదల 30 డిగ్రీలు దాటితే రెండో తరగతి, అంటే ఇంకా పచ్చి ఎరువు. మన ఫ్లాస్కు రెండు రోజుల్లోనే ఆ గీత దాటింది. మూత తీసిన సూపర్‌వైజర్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. బస్తాలో లేని పుల్లటి వాసన ఫ్లాస్కులోంచి వచ్చింది.

అసలు సంగతి అక్కడే బయటపడింది. 20 శాతం తేమకు ఎండబెడితే సూక్ష్మజీవులు పని ఆపేస్తాయి. అవి చావవు, తినాల్సిన ఆహారం కూడా అయిపోదు. వేడి తగ్గుతుంది, వాసన పోతుంది, జల్లెడలో చక్కగా జారుతుంది, ల్యాబ్‌లో పాసవుతుంది. రైతు నారుమడిలో కలిపి తడి పెట్టగానే ఆగిన పని మళ్లీ మొదలవుతుంది, ఈసారి లేత వేళ్ల పక్కన. వేళ్లకు అందాల్సిన ప్రాణవాయువును, నత్రజనిని సూక్ష్మజీవులే తీసేసుకుంటాయి. గాలి ఆడని చోట ఎసిటిక్ ఆమ్లం వంటి కొవ్వు ఆమ్లాలు, వాటికి తోడు అమ్మోనియా. మొలకకు ఇవన్నీ విషమే. ఎండిన కంపోస్టు వేరు, మాగిన కంపోస్టు వేరు. ఈ ప్లాంటు మొదటిదాన్ని రెండోదిగా అమ్మింది, తనకు తెలియకుండానే.

రెండో పరీక్ష పెసలతో. ఒక పాలు కంపోస్టుకు పది పాళ్లు నీరు కలిపి, బాగా కదిపి, పలుచని గుడ్డలో వడకట్టాం. ఆ నీటితో తడిపిన కాగితం మీద కొన్ని పెసలు, మంచినీటితో తడిపిన కాగితం మీద కొన్ని. ఇటలీకి చెందిన జుకోనీ బృందం 1981లో క్రెస్ అనే ఆకుకూర విత్తనాలతో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. మొలకల శాతాన్ని, వేరు పొడవును రెండింటినీ మంచినీటి మొలకలతో పోల్చి ఒక సూచిక కడతారు. అది 80 శాతం దాటితే మొక్కకు హాని లేనట్టు లెక్క. మంచినీటి పెసలకు తెల్లటి పొడవాటి వేళ్లు వచ్చాయి. కంపోస్టు నీటిలోవి పొట్టిగా, కొన మాడినట్టు ఉన్నాయి. సగం దూరం కూడా పోలేదు. పరీక్ష చూడటానికి వచ్చిన రైతుల్లో ఒక పెద్దాయన ఆ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. "మా నారు కూడా ఇలాగే ఉంది బాబూ. పీకినప్పుడు వేరు కొన ఇదే రంగు" అన్నారు.

మరో రెండు అనుమానాలు

పచ్చి ఎరువు అని తేల్చేముందు మరో రెంటిని తోసిపుచ్చాలి. మొదటిది ఉప్పు. హోటల్ అన్నంతో, సాంబారుతో చేసిన కంపోస్టులో లవణాలు ఎక్కువ. పరిమితి లోపే ఉన్నా మిర్చి లాంటి సున్నితమైన నారుకు అదీ ఎక్కువే కావచ్చు. రెండోది కలుపు మందు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని స్పొకేన్‌లో 1999, 2000 సంవత్సరాల్లో మునిసిపల్ కంపోస్టు వేసిన తోటల్లో టమాటా మొక్కలు మెలికలు తిరిగిపోయాయి. పచ్చిక బయళ్లపై కొట్టిన క్లోపిరాలిడ్ అనే మందు, కోసిన గడ్డితో పాటు ప్లాంటుకు వచ్చి, కుప్ప వేడికి కూడా కరగకుండా నిలిచిపోయిందని తేలింది. 2002లో ఆ రాష్ట్రం పచ్చికపై దాని వాడకాన్ని కట్టడి చేసింది. టమాటా, మిర్చి ఒకే కుటుంబం కాబట్టి ఈ అవకాశాన్ని వదిలేయలేం.

రెంటినీ ఒకే పనితో తేల్చవచ్చు. అదే బస్తా కంపోస్టును తడిపి, నీడలో పలుచగా పరిచి, అప్పుడప్పుడు కలియబెడుతూ మూడు వారాలు ఉంచాం. తర్వాత మళ్లీ పెసల పరీక్ష చేస్తే వేళ్లు మంచినీటి మొలకలతో సమానంగా సాగాయి. కడగలేదు, నీరు పారించలేదు కాబట్టి ఉప్పు ఎక్కడికీ పోలేదు, వాహకత అలాగే ఉంది. క్లోపిరాలిడ్ వంటి మందు ఉంటే మూడు వారాల్లో మాయం కాదు. పైగా బొబ్బర్లు నాటి చూస్తే ఆకులు దొప్పలా ముడుచుకోలేదు. ఈ మూడు వారాల్లో మారింది ఒక్కటే, అది మాగడం.

వెనక్కి వెళ్తూ వెతికితే

బస్తా నుంచి మొదలుపెట్టి గేటు దాకా వెనక్కి నడవడం నాకు అలవాటు. ముందు నుంచి వెళ్తే ప్లాంటువాళ్లు చూపించాలనుకున్నవే కనిపిస్తాయి.

ప్లాంటు గోడ మీద రాసుకున్న ప్రణాళిక ప్రకారం వరుసల్లో ఐదు వారాలు, మాగబెట్టే షెడ్డులో నాలుగు వారాలు. రికార్డుల్లో మే చివరి దాకా అలాగే జరిగింది. జూన్‌లో డీలర్ల ఒత్తిడి మొదలయ్యాక షెడ్డులో ఉండాల్సిన కాలం తగ్గుతూ వచ్చి, చివరికి వరుసల్లోంచి తీసింది నేరుగా కాంక్రీటు గచ్చు మీద ఎండకు, అక్కడి నుంచి 4 మిల్లీమీటర్ల జల్లెడకు, బస్తాకు వెళ్లిపోయింది. షెడ్డులో మిగిలిన కొద్దిపాటి సరుకు కూడా నాలుగు మీటర్ల ఎత్తు గుట్టగా పేరుకుని ఉంది. తిరగేసిన ఆనవాలు లేదు.

మాగే దశను చాలామంది ఖాళీగా ఎదురుచూసే కాలం అనుకుంటారు. అసలు అక్కడ జరిగే పని వేరే ఏ దశలోనూ జరగదు. వరుసల్లో వేడి ఎక్కువగా ఉన్నప్పుడు పనిచేసేవి వేడిని తట్టుకునే బ్యాక్టీరియా. అవి తేలికగా కరిగే చక్కెరలను, పిండిని, మాంసకృత్తులను తినేస్తాయి. నత్రజని అమ్మోనియంగా బయటపడుతుంది. దాన్ని మొక్కకు నచ్చే నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఆ వేడిలో బతకలేదు. కుప్ప 40 డిగ్రీల లోపుకు చల్లబడ్డాకే అవి తిరిగి పుంజుకుంటాయి. గట్టి పీచును కరిగించే శిలీంధ్రాలదీ అదే కథ. మిగిలిన ఆమ్లాలు ఖర్చయ్యేదీ అప్పుడే. ఈ దశను మింగేస్తే వచ్చేది అమ్మోనియంతో, ఆమ్లాలతో నిండిన సగం ఎరువు. మన రైతులు బాగా చివికిన పశువుల ఎరువే వేయాలని తరతరాలుగా పట్టుబట్టడం వెనక ఉన్నదీ ఇదే.

ఇంకో సంగతి. మాగబెట్టాల్సిన సరుకును ముందే సన్న జల్లెడ పట్టకూడదు. 35 మిల్లీమీటర్ల జల్లెడ దిగిన ముతక సరుకులో పుల్లలు, ముక్కలు ఉంటాయి, వాటి సందుల్లో గాలి ఆడుతుంది. 4 మిల్లీమీటర్ల పొడి గుట్టగా పోస్తే మూసుకుపోతుంది. సన్న జల్లెడ మాగాకే.

షెడ్డు దాటి వరుసల దగ్గరకు వెళ్లాం. ఉష్ణోగ్రత రిజిస్టరు చూస్తే ముచ్చటగా ఉంది, ప్రతి వరుసా 60కి పైనే. రోగకారకాలు చావడానికి వరుసల పద్ధతిలో 55 డిగ్రీలకు తగ్గకుండా 15 రోజులు ఉంచి, ఆ కాలంలో కనీసం ఐదుసార్లు తిరగేయాలన్నది అమెరికా పర్యావరణ సంస్థ నిబంధన. చాలా దేశాల్లో దాన్నే కొలబద్దగా తీసుకుంటారు. రిజిస్టరు ప్రకారం ఇక్కడ అది నెరవేరింది. కానీ థర్మామీటర్ గుచ్చింది ఎక్కడ అని అడిగితే కూలీ వరుస పైభుజం చూపించాడు. వేడి గాలి పైకి లేచే చోటు అది, ఎప్పుడూ వేడిగానే ఉంటుంది. మీటరు పొడవున్న థర్మామీటర్‌ను పక్క నుంచి అడుగు భాగం మధ్యలోకి దింపితే 40ల దగ్గరే ఆగింది.

జేసీబీతో వరుసను అడ్డంగా కోయించాం. పై భాగం గోధుమ రంగులో, ఆవిరి లేస్తూ, పొరలు పొరలుగా ఉంది. అడుగున మధ్యలో మాత్రం నల్లగా, నిగనిగలాడుతూ, వేళ్లకు జిగటగా అంటుకునే పొర. ముక్కు దగ్గర పెట్టుకోలేనంత పులిసిన వాసన. అక్కడ చాలా రోజులుగా గాలి లేదు. కంపోస్టు కుప్ప సందుల్లో ప్రాణవాయువు కనీసం 5 శాతం, మంచిగా నడవాలంటే 10 శాతం పైన ఉండాలి. ఆ పొరలో ఎంతుందో కొలవాల్సిన అవసరమే కనిపించలేదు.

తిరగేస్తున్నాం కదా, గాలి ఎందుకు అందదని సూపర్‌వైజర్ అడిగాడు. చాలామందిలో ఉన్న అపోహే ఇది. తిరగేసినప్పుడు లోపలికి వెళ్లే ప్రాణవాయువు జోరుగా కుళ్లుతున్న కుప్పలో కొన్ని గంటల్లోనే అయిపోతుంది. మళ్లీ తిరగేసే దాకా కుప్పను బతికించేది దాని సందులు. లోపలి వేడి గాలి పైకి పోతుంటే పక్కల నుంచి చల్లగాలి లోనికి లాగబడుతుంది. సందులు లేని కుప్పను రోజూ తిరగేసినా ఉపయోగం ఉండదు.

సందులు ఉన్నాయో లేవో ఒక బకెట్‌తో తెలుసుకోవచ్చు. 20 లీటర్ల బకెట్‌లో మూడో వంతు నింపి నేల మీద తట్టాలి, మరో వంతు పోసి తట్టాలి, నిండా పోసి మళ్లీ తట్టి, అంచు దాకా నింపి తూచాలి. కొత్తగా కలిపిన మిశ్రమం 12 కిలోల లోపు తూగితే ఘనపు మీటరుకు 600 కిలోలకు మించలేదన్నమాట, గాలి ఆడుతుంది. ఇక్కడి మిశ్రమం 15 కిలోలు దాటింది.

పీచుపొట్టు

బరువు ఎందుకు పెరిగిందో కలిపే చోటు చూస్తే అర్థమైంది. తడి చెత్తలో కార్బన్-నత్రజని నిష్పత్తి సాధారణంగా 15 నుంచి 20 ఉంటుంది. దాన్ని 25 నుంచి 30కి తేవాలంటే కార్బన్ ఎక్కువున్న పొడి సరుకు కలపాలి. మొదట్లో ముక్కలు చేసిన పత్తి కట్టె, కొబ్బరి మట్టలు వాడేవారు. వాటిని నలిపే యంత్రం పాడయ్యాక, దగ్గర్లోని కొబ్బరి పీచు పరిశ్రమల నుంచి చవగ్గా వచ్చే పీచుపొట్టుకు మారారు. కాగితం మీద లెక్క అద్భుతంగా కుదిరింది. పీచుపొట్టు నిష్పత్తి 100 దాటుతుంది, కాబట్టి కొద్దిగా కలిపినా మిశ్రమం సరాసరి 25కు చేరుతుంది.

కానీ పొడి సరుకు చేయాల్సిన పనులు రెండు. కార్బన్ ఇవ్వాలి, కుప్పను నిలబెట్టి సందులు ఉంచాలి. పీచుపొట్టు రెండోది చేయలేదు. అది సన్నటి పొడి, స్పాంజిలా తన బరువుకు ఐదు రెట్లకు పైగా నీరు పట్టుకుంటుంది. మొదటిది కూడా అరకొరే. అందులో కార్బన్‌లో ఎక్కువ భాగం లిగ్నిన్ రూపంలో ఉంటుంది, సూక్ష్మజీవులకు త్వరగా అందదు. లెక్కలో ఉన్న కార్బన్ కుప్పలో పనికి రాకపోవడంతో మిగులు నత్రజని అమ్మోనియాగా మిగిలింది. కంపోస్టు లెక్కల్లో ఈ నిష్పత్తికి ఇచ్చినంత ప్రాధాన్యం సాంద్రతకు ఇవ్వకపోవడం నాకు ఎప్పుడూ బాధ కలిగించే విషయం. రెంటిలో ఒక్కటే కొలిచే వీలుంటే నేను బకెట్టే ఎంచుకుంటాను.

దీనికి వాన తోడైంది. లెక్క చూడండి. మూడు మీటర్ల వెడల్పు, మీటరున్నర ఎత్తు, 30 మీటర్ల పొడవున్న వరుసలో సుమారు 90 ఘనపు మీటర్ల సరుకు, అంటే దాదాపు 45 టన్నులు పడుతుంది. అది పరుచుకున్న చోటు 90 చదరపు మీటర్లు. దాని మీద 10 సెంటీమీటర్ల వాన పడితే 9 టన్నుల నీరు. అంతా ఇంకితే 55 శాతం ఉన్న తేమ 62 శాతం దాటిపోతుంది. 60 దాటిన దగ్గర నుంచి నీరు గాలి సందుల్ని మూసేస్తుంది. మంచి సరుకైతే సగం నీరు పక్కలకు జారిపోతుంది, పీచుపొట్టు కలిసిన వరుస వచ్చిన చుక్కనల్లా ఇంకించుకుంది. పైగా వరుసలు నేల వాలుకు అడ్డంగా వేసి ఉన్నాయి. పై నుంచి వచ్చిన వాననీరు ప్రతి వరుస పాదం దగ్గరా ఆగి నిలిచింది. ఆ నల్లటి పొర అక్కడే పుట్టింది.

గేటు దగ్గర పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు. పారిశుద్ధ్య కార్మికులు బండి మీదే తడి, పొడి వేరు చేస్తున్నారు. ప్లాంటులో అన్నిటికన్నా బాగా జరుగుతున్న పని అదే, అన్నిటికన్నా తక్కువ జీతానికి జరుగుతున్నదీ అదే.

చేసిన మార్పులు

మొదట రైతుల సంగతి. నారు పోయిన వారికి యాజమాన్యం తన ఖర్చుతో షేడ్‌నెట్ నర్సరీల నుంచి మిర్చి నారు కొనిచ్చింది. అదను దాటకముందే ఇవ్వాలని నేను గట్టిగా పట్టుబట్టాను. నష్టపరిహారం సంక్రాంతికి వచ్చినా మిర్చి రైతుకు ఆ ఏడాది తిరిగి రాదు. బస్తాలు ఇంకా విప్పని రైతులకు, వాటిని నారుమడిలో వాడొద్దని, నాటడానికి కనీసం మూడు వారాల ముందు పొలంలో చల్లి తడి నేలలో కలియదున్నమని చెప్పాం. పచ్చి ఎరువు కూడా పొలానికి వ్యర్థం కాదు, వేళ్లు రాకముందు దానికి సమయం ఇవ్వాలి, అంతే.

ప్లాంటులో కట్టె నలిపే యంత్రాన్ని బాగు చేయించడం మొదటి ఖర్చు. పత్తి కట్టె, మిరప కట్టె, మట్టలు రెండు మూడు అంగుళాల ముక్కలుగా చేసి కలపడం మళ్లీ మొదలైంది. పీచుపొట్టును పూర్తిగా మానలేదు, ఎండాకాలంలో తేమ నిలపడానికి కొద్దిగా వాడుతున్నాం. జల్లెడ పైన మిగిలిన ముతక పుల్లల్ని ఇంతకుముందు పారబోసేవారు. ఇప్పుడు ప్లాస్టిక్ ఏరేసి వాటినే కొత్త వరుసల్లో కలుపుతున్నారు. అవి సందులు ఇస్తాయి, పైగా పనిచేసే సూక్ష్మజీవుల్ని వెంట తీసుకొస్తాయి. ప్రతి కొత్త వరుసకూ బకెట్ తూకం రిజిస్టరులో రాస్తారు. 13 కిలోలు దాటితే ఆ మిశ్రమం వరుసగా మారదు, ఇంకొంత కట్టె పడాల్సిందే.

వరుసల దిశ మార్చాం. ఇప్పుడు అవి వాలు వెంబడి ఉన్నాయి, వాననీరు వరుసల మధ్య దారుల్లోంచి కాలువలోకి పోతుంది. కుళ్లే చెత్త వరుసల్లోంచి కారే ఊట నీరు చేరే గుంటను పెద్దది చేశారు. ఆ నీటిని మొదటి వారం వరుసల మీద మాత్రమే చల్లాలి. వేడి దశ దాటిన సరుకు మీద చల్లితే చచ్చిన రోగకారకాలను మళ్లీ తెచ్చి పోసినట్టే. లోడర్ విషయంలోనూ అదే నియమం. పచ్చి చెత్త ఎత్తిన తొట్టితో మాగిన కంపోస్టును ఎత్తకూడదు. రెండో తొట్టి కొనడానికి యాజమాన్యం వెనుకాడింది, ఎత్తేముందు కడిగే పద్ధతి పెట్టాం. సరైన పరిష్కారం రెండో తొట్టే అని ఇప్పటికీ నా అభిప్రాయం.

ఉష్ణోగ్రత ఇప్పుడు ప్రతి వరుసలో మూడు చోట్ల, భుజం దగ్గర, మధ్యలో, అడుగున తీస్తారు. అడుగు అంకె కిందికి జారితే తిరగేయడానికి వారం ఆగరు. మాగే గుట్టల ఎత్తు రెండు మీటర్లకు మించకూడదని షెడ్డు స్తంభాల మీద ఎర్ర గీత గీయించాం.

అన్నిటికన్నా కష్టపడి ఒప్పించాల్సి వచ్చింది చివరి నియమం గురించి. బస్తాకెత్తేముందు ప్రతి గుట్ట నుంచి నమూనా తీసి, తడిపి, ఫ్లాస్కు పరీక్ష, పెసల పరీక్ష చేయాలి. ఫ్లాస్కులో పెరుగుదల 20 డిగ్రీల లోపు ఉంటే పొలానికి, 10 లోపు ఉండి పెసలు 80 శాతం దాటితే నారుమడికి. బస్తా మీద ఆ మాట అచ్చవుతుంది. క్యాలెండర్ ఏం చెప్పినా, లారీ గేటు దగ్గర నిలబడినా, ఫ్లాస్కు ఒప్పుకోకపోతే సరుకు కదలదు.

స్థలం, డబ్బు

మాగబెట్టడం ప్లాంట్లకు ఎందుకు భారమో న్యాయంగా చెప్పాలి. చెత్త రోజూ వస్తుంది. రైతు ఏడాదికి రెండు అదనుల్లో వస్తాడు. మధ్యలో సరుకు నిలవుండాలి, దానికి కప్పు ఉన్న చోటు కావాలి. రోజుకు 50 టన్నులు వస్తే వేడి దశ ముగిసేసరికి బరువు దాదాపు సగమవుతుంది, అంటే రోజుకు సుమారు 45 ఘనపు మీటర్లు. అదనంగా నాలుగు వారాలు ఉంచాలంటే 1,260 ఘనపు మీటర్ల సరుకుకు చోటుండాలి. రెండు మీటర్ల ఎత్తుకు మించకుండా, లోడర్ తిరిగే దారులతో కలిపి సుమారు అర ఎకరం షెడ్డు. టెండరులో ధర తగ్గించుకోవడానికి మొదట కోత పడేది ఆ అర ఎకరానికే. ఈ ప్లాంటులోనూ అదే జరిగింది.

ప్రోత్సాహకాలు కూడా బరువు లెక్కనే వచ్చాయి. 2016 ఫిబ్రవరిలో కేంద్రం సిటీ కంపోస్టు విధానం ప్రకటించి టన్నుకు 1,500 రూపాయల మార్కెట్ అభివృద్ధి సాయం ఇచ్చింది, ఎరువుల కంపెనీలు యూరియాతో పాటు కంపోస్టునూ అమ్మేలా చూసింది. చెత్తకు విలువ కట్టిన మంచి ఆలోచన అది. అయితే మాగిన టన్నుకూ పచ్చి టన్నుకూ ఒకే సాయం అందితే, నాలుగు వారాలు ఎక్కువ ఆగిన ప్లాంటే నష్టపోతుంది. స్థిరత్వ పరీక్షను ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో చేర్చి, సాయాన్ని దానికి ముడిపెడితే ఈ సమస్య చాలావరకు తగ్గుతుందని నా నమ్మకం. ఫ్లాస్కు లేని ల్యాబ్ ఉండదు.

యాజమాన్యం షెడ్డును ఒక వైపు పొడిగించింది. మిగతా సర్దుబాటు కాలంతో చేశాం. శీతాకాలంలో, వేసవిలో తయారైన సరుకే ఖరీఫ్ నారుమళ్లకు వెళ్తుంది, జూన్, జూలై సరుకు రబీకి. నర్సరీ బస్తాకు కొంచెం ఎక్కువ ధర పెట్టారు. తర్వాతి ఖరీఫ్‌లో ఫిర్యాదు రాలేదు, డీలర్ కూడా నారుమడి అచ్చున్న బస్తాలనే ముందుగా అడగడం మొదలుపెట్టాడు.

ఒకటి మాత్రం మిగిలే ఉంది. పలుచని క్యారీ బ్యాగులు ఎండకు, వేడికి, లోడర్ పళ్లకు చిరిగి 4 మిల్లీమీటర్ల జల్లెడలోంచి కూడా దిగిపోతున్నాయి. ఐరోపా సమాఖ్య 2019 నాటి ఎరువుల నిబంధనల్లో 2 మిల్లీమీటర్లు దాటిన ప్లాస్టిక్ ముక్కలు, తేమ తీసేసి చూస్తే, కిలో కంపోస్టుకు 3 గ్రాములు మించకూడదని పెట్టింది. మన బస్తా నుంచి కిలో తీసి చేత్తో ఏరి తూచాం, ఆ గీతకు పైనే ఉంది. గాలి ఊది ప్లాస్టిక్‌ను వేరు చేసే యంత్రం పొడి సరుకు మీద బాగా పనిచేస్తుంది, వానాకాలంలో తడిసిన ముక్క కంపోస్టుకు అంటుకుని ఎగరదు. అందుకని రెండు వార్డుల్లో చెత్తను సంచిలో కాకుండా నేరుగా బకెట్‌లోంచి బండిలోకి వంచేలా ఏర్పాటు చేశారు. సంచి కట్టి ఇచ్చిన ఇంటి ముందు కార్మికురాలే దాన్ని విప్పి, ఖాళీ సంచిని తిరిగి చేతిలో పెడుతోంది. ఆ వార్డుల చెత్తను విడి వరుసగా వేయించి, దాని ప్లాస్టిక్ తూకాన్ని మిగతా వరుసలతో పోల్చి చూస్తున్నాం.